మూగ అని రాసేముందు

బడి రిజిస్టర్లో ప్రతి పిల్లవాడి పేరుకు చివర ‘విశేషాలు’ అని ఒక గడి ఉంటుంది. అందులో ఏం రాయాలో మాకు ఎవరూ చెప్పలేదు. మాకు ముందు పనిచేసిన మాస్టార్లు రాసిన మాటలే మేమూ రాస్తూ వచ్చాం. ‘మాట్లాడదు’, ‘మాట రాదు’, ‘మూగ’, ‘మందబుద్ధి’. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఇలాంటివి ఎన్ని రాశామో లెక్క లేదు. ఇప్పుడు ఆ మాటల్నే విమర్శకు తీసుకుంటున్నాం. కథ మీద, కవిత మీద విమర్శ రాస్తారు గాని రిజిస్టర్లో గడి మీద విమర్శ ఏమిటని అడగొచ్చు. ఆ గడిలో ఉన్న తప్పే మన కథల్లోనూ, సినిమాల్లోనూ, గ్రామసభ తీర్మానాల్లోనూ ఉందని మేం అనుకుంటున్నాం. అందుకే ఈ వ్యాసం.

‘మాట్లాడడు’ అనే ఒక్క మాటలో మూడు వేరువేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి, చెవిలోనో, అంగిట్లోనో, మెదడులోనో లోపం ఉండి మాట రాకపోవడం. రెండు, మాట బాగానే వచ్చు, కాని అది బడి మాట కాకపోవడం. మూడు, మాటా వచ్చు, భాషా వచ్చు, అయినా నోరు తెరిస్తే నవ్వుతారనో, కొడతారనో, రావలసింది రాకుండా పోతుందనో భయపడి ఊరుకోవడం. మొదటిదానికి డాక్టరు కావాలి. రెండోదానికి ఆ పిల్ల భాష తెలిసిన పంతులు కావాలి. మూడోదానికి అండగా నిలిచే చట్టం, కూచుని వినే మనిషి కావాలి. మూడింటినీ కలిపి ‘మూగ’ అని రాసేస్తే ఏ ఒక్కదానికీ మందు దొరకదు.

ఏరు అడిగిన పిల్ల

మా కోయలో నీళ్ళను ‘ఏరు’ అంటాం. ఇంటిని ‘లోను’ అంటాం. తెలుగులో ఏరు అంటే వాగు, లోను అంటే లోపల. ఇప్పుడైతే లోను అంటే బ్యాంకు అప్పు కూడా. ఒకటో తరగతిలో కొత్తగా చేరిన కోయ పిల్ల లేచి నిలబడి ‘ఏరు’ అందంటే దానికి దాహం వేస్తోందని. కోయ రాని మాస్టారు, ఇది ఏటికి పోతానంటోంది కాబోలనుకుని కూచోమంటాడు. మర్నాడు కూడా అంతే. వారం తిరిగేసరికి ఆ పిల్ల లేవడం మానేస్తుంది. నెల తిరిగేసరికి రిజిస్టర్లో ‘మాట్లాడదు’ అని పడుతుంది. సాయంత్రం బెల్లు కొట్టాక అదే పిల్ల తమ్ముణ్ణి చంకనేసుకుని, దారిలో మేకల్ని అదిలిస్తూ, ఎదురొచ్చిన ముసలమ్మకు జవాబు చెబుతూ, ఇంటిదాకా నోరు మూయకుండా పోతుంది. పిల్లకు మాట ఉంది. దాన్ని అందుకునే చెవి బడిలో లేదు.

ఇందులో మా తప్పు ఇంకా పెద్దది. మేం కోయవాళ్ళమే. చిన్నప్పుడు మేమూ అలాగే నోరు మూసుకుని కూచున్నాం. మాస్టరు ఉద్యోగం వచ్చాక, తరగతిలో కోయ మాట్లాడితే తనిఖీకి వచ్చినవాళ్ళు ఏమనుకుంటారోనని తెలుగులోనే పాఠం నడిపించాం. పిల్ల అడిగింది నీళ్ళని మాకు తెలుసు. తెలిసి కూడా ‘తెలుగులో అడుగు’ అన్నాం. దాహం వేసిన పిల్లకు ముందు నీళ్ళివ్వాలి, తర్వాత మాట నేర్పాలి. ఈ చిన్న వరస మాకు పట్టుబడడానికి చాలా ఏళ్ళు పట్టింది.

కొండ మీద కొండరెడ్ల పిల్లల సంగతి ఇంకో రకం. కొండరెడ్ల మాట తెలుగే. ప్రభుత్వం లెక్కలో వాళ్ళు మరీ వెనకబడిన ఆదిమ తెగ. వాళ్ళ తెలుగు మాత్రం వెనకబడిందేమీ కాదు. వెదురులో, తేనెలో, పోడులో, వానలో ఎన్ని రకాలుంటాయో అన్నింటికీ వాళ్ళ దగ్గర పేర్లున్నాయి. అయినా ఆ పిల్లలు కొండ దిగి హాస్టలుకు వస్తే ‘వీళ్ళకు తెలుగు సరిగా రాదు’ అంటారు. తెలుగు తప్ప వేరే భాష రానివాళ్ళకు తెలుగు రాదనడం ఎలా కుదురుతుందో ఎవరూ ఆలోచించరు.

రాజ్యాంగంలో 350ఎ అధికరణం ఉంది. 1956లో ఏడో సవరణతో వచ్చింది. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన వాళ్ళ పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యం కల్పించాలని అందులో ఉంది. 2009 విద్యాహక్కు చట్టం కూడా వీలైనంతవరకు మాతృభాషలోనే బోధించాలంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో, అంటే సవర, కొండ, కువి, ఆదివాసీ ఒరియా, కోయ, గోండి, కొలామి, బంజారాల్లో తెలుగు లిపితో వాచకాలు వేసి బడులు మొదలుపెట్టారు. ఆ కోయ వాచకం చేతికిచ్చినప్పుడు ఒక పిల్లవాడు బొమ్మను చూసి పేరు చెప్పి, కింద ఉన్న అక్షరాలు కూడా అదే పేరు చెబుతున్నాయని కనిపెట్టి మా ముఖంలోకి చూశాడు. పుస్తకం తన మాట మాట్లాడుతుందని ఆ పిల్లవాడికి అప్పటిదాకా తెలియదు. అలాంటి పని ఏటా ప్రతి బడిలో జరగవలసింది. పుస్తకం ఉన్నచోట చెప్పేవాడు లేడు, చెప్పేవాడు ఉన్నచోట పుస్తకం లేదు అన్నట్టుగా నడిచింది.

సగం గిడుగు

ఆగస్టు 29న ప్రతి బడిలో తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు పుట్టినరోజు అది. ఆయన ఫొటోకు దండ వేసి, తెలుగు తీపిదనం గురించి పిల్లలచేత మాట్లాడిస్తాం. అడవి బడుల్లో కూడా అంతే. ఆయన చేసిన పనిలో రెండో సగాన్ని మాత్రం ఎవరూ ఎత్తరు.

1863లో పుట్టిన ఆ పంతులు గారు పర్లాకిమిడిలో బడిపంతులు. అక్కడి కొండల మీది సవరలతో మాట్లాడడానికి తాను సవర నేర్చుకున్నారు. సవర తెలుగు కుటుంబం భాష కూడా కాదు, ముండా భాషల్లోది. ఆ భాషలో పుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టించారు, 1931లో ఆ భాషకు ఇంగ్లీషులో వ్యాకరణం వేశారు. ఆ కొండల్లో తిరిగినందుకు మలేరియా పట్టుకుంది. దానికి క్వినైను వాడితే చెవుడు వచ్చింది. బతికినంతకాలం ఆ చెవుడు ఆయన్ను వదల్లేదు. ఒక ఆదివాసీ భాషను వినడానికి వెళ్ళి వినికిడి పోగొట్టుకున్న మనిషి పేరు మీద మనం భాషా దినోత్సవం చేసుకుంటున్నాం.

1919లో రాజమండ్రిలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం పుట్టింది. కందుకూరి వీరేశలింగం పంతులు గారు అధ్యక్షులు, గిడుగు వారు కార్యదర్శి. పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసిపోయాక గిడుగు వారు ఆ ఊరు విడిచి రాజమండ్రి వచ్చి ఉన్నారు. 1940లో కాలం చేశారు. అంటే ఆ చర్చ మన గోదావరి గట్టున కూడా నడిచింది. దాని సారం ఒక్కటే. మనుషులు మాట్లాడేదే భాష, పుస్తకంలో భాష దాని వెనక నడవాలి.

ఆ వాదం గెలిచింది. పత్రికలు మారాయి, వాచకాలు మారాయి. అయితే ఎవరి వాడుక గెలిచింది? చదువుకున్నవాళ్ళ వాడుక, అందులోనూ గోదావరి, కృష్ణా డెల్టాల్లో చదువుకున్న కుటుంబాల వాడుక గెలిచింది. దానికి శిష్ట వ్యావహారికం అని పేరు పెట్టారు. శిష్టం కానిదంతా యాస అయింది. పాత గ్రాంథికవాదులు పామరుల మాట తప్పన్నారు. కొత్త వ్యావహారికవాదులు పామరుల మాట ముచ్చటగా ఉందన్నారు. రెండింటిలోనూ మా మాట కొలత పుచ్చుకునే వస్తువే తప్ప కొలిచే బద్ద కాలేదు. గిడుగు వారి పనిలో తెలుగువాళ్ళకు పనికొచ్చిన సగాన్ని తీసుకుని, సవర సగాన్ని పర్లాకిమిడి కొండల్లోనే వదిలేశారన్నది మా విమర్శ. ఆయన్ను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ఆయన పూర్తిగా కావాలని అంటున్నాం.

కథల్లో మా నోరు

డెల్టా మాట మీద తెలుగువాళ్ళకు ఎంత మక్కువో చెప్పక్కర్లేదు. ‘ఆయ్’ అన్నా, ‘అండీ’ అన్నా సినిమా హాల్లో జనం పులకరించిపోతారు. వంశీ గారి ‘మా పసలపూడి కథలు’ వారపత్రికలో వచ్చినన్నాళ్ళూ లంకల మాట, కాలవగట్ల మాట ఇంటింటికీ వెళ్ళింది. మంచిదే. ఒక ఊరి మాట అచ్చులో పడితే ఆ ఊరివాళ్ళకు ఎంత నిబ్బరం వస్తుందో ఆ కథల వల్ల తెలిసింది. మా ప్రశ్న అక్కణ్ణుంచే మొదలవుతుంది. అదే గోదావరికి ఎగువన, పాపికొండల దగ్గర, శబరి కలిసే చోట, జనం ఏం మాట్లాడుకుంటారు?

తెలుగు కథలో పాపికొండలు చాలాసార్లు వస్తాయి. లాంచీ వస్తుంది, వెన్నెల వస్తుంది, గట్టు మీద వెదురుబొంగులు మోసుకుపోతున్న మనిషి కూడా వస్తాడు. ఆ మనిషి నోరు విప్పడు. విప్పితే ‘దొరా’ అంటాడు. సినిమాలో అయితే ఆకులు కట్టి, ఈకలు పెట్టి, క్రియాపదం సగంలో విరిచి మాట్లాడిస్తారు. అది కోయ కాదు, కొండరెడ్ల తెలుగు కాదు, కొండదొరల మాట కాదు. ఏ కొండ మీదా ఎవరూ మాట్లాడని భాష అది. మద్రాసులోనో, హైదరాబాదులోనో తయారయింది. మా పిల్లలు టీవీలో దాన్ని చూసి నవ్వుతారు. తర్వాత పట్నం బడికి వెళ్ళాక ఆ నవ్వు తమ మీదే పడుతుందని తెలుసుకుంటారు.

మా మీద ప్రేమతో రాసినవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళ రచనల్లో మేం మంచివాళ్ళం, అమాయకులం, ‘నోరులేని’ జీవాలం. మా తరఫున మాట్లాడడానికి కింద నుంచి ఒక నాయకుడు వస్తాడు. ఈ ‘నోరులేని’ అన్న మాటను ఆ రచయితలు జాలితోనే రాశారు. బడిపంతులు రిజిస్టర్లో రాసిన ‘మూగ’ కూడా ఒక్కోసారి జాలితోనే రాసింది. ఎదుటివాడి మాట మనకు అర్థం కానప్పుడు వాడికి మాట లేదనుకోవడం రెండుచోట్లా ఉంది. అల్లూరి పోరాటంలో నడిచిన గాం మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. గిరిజనుడికి నోరు లేదనేవాళ్ళు ఈ ఒక్క సంగతైనా గుర్తుపెట్టుకోవాలి.

చెవి చూడని తప్పు

ఇంతవరకు చదివినవాళ్ళు, అయితే మా పిల్లలకు ఏ లోపమూ లేదు, అంతా భాష తేడాయే అని అనుకుంటే అది ఇంకో తప్పు. ఆ తప్పు కూడా మేం చేశాం. దాచుకోకుండా చెప్పాలి.

ఒక పిల్ల ఒకటో తరగతిలో చేరింది. మాట్లాడదు. పిలిస్తే ఒక్కోసారి తిరుగుతుంది, ఒక్కోసారి తిరగదు. అప్పటికి మాకు ఈ భాష సంగతి బాగా తలకెక్కింది. ‘కోయ పిల్ల, తెలుగు రాదు, అలవాటయ్యాక అదే మాట్లాడుతుంది’ అని అందరికీ మేమే చెప్పాం. కోయలో పలకరించినా సరిగా జవాబు రాకపోతే సిగ్గు అనుకున్నాం. చెవి నుంచి చీము కారుతుంటే కొండ పిల్లలకు మామూలేగా అనుకున్నాం. రెండేళ్ళు అలా పోయాయి. మూడో ఏడు బడికి వచ్చిన వైద్య బృందంలో ఒకామె ఆ పిల్ల వెనక నిలబడి చప్పట్లు కొట్టి చూసింది. పిల్ల కదల్లేదు. పెద్దాసుపత్రిలో చూపిస్తే రెండు చెవులూ బాగా దెబ్బతిన్నాయన్నారు. చెవిలో చీము చిన్నప్పుడే మందుతో ఆపగలిగేది. వినబడని రెండేళ్ళ మాట ఆ పిల్లకు మళ్ళీ తెచ్చివ్వడం ఎవరి తరమూ కాదు. వాళ్ళమ్మ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ‘మీరు చూశారుగదా సారూ, మాకేం తెలుస్తది’ అంది. చూసింది మేమే. రిజిస్టర్లో రాసిందీ మేమే.

మాట అనేది ముందు చెవిలో పుడుతుంది. వినని పిల్లకు మాట రాదు. అందుకే మాట ఆలస్యమైన ఏ పిల్లకైనా మొదట చూడవలసింది చెవి. పుట్టుకతో వచ్చిన చెవుడును ఎంత చిన్న వయసులో కనిపెడితే మాట అంత బాగా వస్తుంది. అంగిలి చీలి పుట్టిన పిల్లలకు మాట ముక్కులోంచి పోతుంది. దానికి మాటలు నేర్చే వయసు లోపలే ఆపరేషను చేయించి, తర్వాత మాట సాధన చేయించాలి. నత్తి ఎక్కువగా రెండేళ్ళకూ అయిదేళ్ళకూ మధ్య మొదలవుతుంది. చాలామందికి దానంతట అదే పోతుంది, కొందరికి నిలిచిపోతుంది. నత్తికీ తెలివికీ సంబంధం లేదు. తిట్టినా, వెక్కిరించినా, మధ్యలో అందుకుని వాక్యం మనమే పూర్తి చేసినా అది ఎక్కువవుతుంది. తొందరపెట్టకుండా వినడం, నెమ్మదిగా మాట్లాడే పద్ధతి నేర్పడం, స్పీచ్ థెరపీ, ఇవీ దానికి చేయవలసినవి. పక్షవాతం వచ్చి మాట పడిపోయిన పెద్దవాళ్ళకూ ఇదే థెరపీ అవసరం.

మన ఊళ్ళలో ఏం చేస్తారు? మాట రాకపోతే వస కొమ్ము అరగదీసి నాలుకకు రాస్తారు. వస పోస్తే వసపిట్టలా మాట్లాడతాడని నమ్మకం. డెల్టాలోనూ ఉంది ఈ నమ్మకం, కొండ మీదా ఉంది. ‘వాళ్ళ తాతకూ ఆలస్యంగానే వచ్చింది’ అంటారు. వసకు వెళ్ళిన కాలం చెవి పరీక్షకు వెళ్ళవలసిన కాలం. ఆ కాలం తిరిగి రాదు.

2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం నడుస్తోంది. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ దాకా పిల్లల్ని చూడాలి. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి బృందం రావాలి. వినికిడి లోపం, అంగిలి చీలిక, మాట ఆలస్యం అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. అనుమానం ఉన్న పిల్లను జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. కాగితం మీద ఇది మంచి ఏర్పాటు. కొండ మీద నుంచి చూస్తే ఇందులో రెండు చిక్కులున్నాయి. థెరపీ ఒక్కసారితో అయ్యేది కాదు, వారంవారం నెలల తరబడి వెళ్ళాలి. పోడు పని, కూలి పని వదులుకుని, జీపు మారి బస్సు మారి పట్నం వెళ్ళిరావడానికి రెండ్రోజుల కూలి పోతుంది. ఇది మొదటి చిక్కు. రెండోది భాష.

రెండు భాషల్లోనూ చూడాలి

థెరపిస్టు దగ్గర బొమ్మల కార్డులుంటాయి. బొమ్మ చూపించి ‘ఇదేంటి’ అని తెలుగులో అడుగుతారు. పిల్ల కోయలో పేరు చెబితే ఆ గడిలో తప్పు పడుతుంది. తెలుగు పేరు తెలియక ఊరుకుంటే కూడా తప్పే పడుతుంది. ఫ్రిజ్ బొమ్మ, ట్రాఫిక్ దీపం బొమ్మ ఎప్పుడూ చూడని పిల్ల ఏ భాషలో చెప్పాలి? ఆ పరీక్షలో మార్కులు తక్కువ వస్తే లోపం ఎవరిది?

ఇందుకు ఈ శాస్త్రంలో ఒప్పుకున్న సూత్రం ఒకటి ఉంది. నిజమైన మాట లోపం పిల్ల మాట్లాడే అన్ని భాషల్లోనూ కనబడుతుంది. ఇంట్లో కోయలో గడగడ మాట్లాడి, బడిలో తెలుగులో తడబడితే అది లోపం కాదు, భాష నేర్చుకోవడం. ఇంట్లో కోయలో కూడా తన ఈడు పిల్లల్లా మాట్లాడలేకపోతే అప్పుడు అనుమానించాలి. కాబట్టి మొదట అడగవలసింది తల్లిని. ఇంట్లో ఎలా మాట్లాడుతుంది, తోటి పిల్లలకు దీని మాట అర్థమవుతుందా, పిలిస్తే పలుకుతుందా అని అడగాలి. మేం ఆ పిల్ల విషయంలో ఈ మూడు ప్రశ్నలూ అడిగి ఉంటే రెండేళ్ళు పోయేవి కావు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల్లో వాక్కు, భాషా వైకల్యాన్ని చేర్చింది. అది శరీరంలోనో, నాడుల్లోనో కారణం ఉండి వచ్చే వైకల్యమని చట్టమే చెప్పింది. వేరే భాషలో పుట్టడం వైకల్యమని ఏ చట్టమూ చెప్పలేదు.

ఈ గొడవ మనకే కాదు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్ అనే ఊళ్ళో నల్లజాతి పిల్లల తల్లులు బడి మీద కోర్టుకు వెళ్ళారు. తమ పిల్లలు ఇంట్లో మాట్లాడే ఇంగ్లీషు వేరుగా ఉందని గుర్తించకుండా వాళ్ళకు చదువు లోపం ఉందని ముద్ర వేశారని వాళ్ళ ఫిర్యాదు. 1979లో జడ్జి చార్లెస్ జాయినర్ తల్లుల పక్షాన తీర్పిచ్చాడు. పిల్లల ఇంటిభాషను గుర్తించడం టీచర్లకు నేర్పించమని బడిని ఆదేశించాడు. నేర్చుకోవలసింది టీచర్లని ఒక కోర్టు చెప్పింది.

అంతకు పదేళ్ళ ముందు విలియం లబోవ్ అనే భాషాశాస్త్రవేత్త న్యూయార్కులోని హార్లెంలో పనిచేశాడు. పెద్దమనిషి ఎదుట కూచోబెట్టి ప్రశ్నలడిగితే అక్కడి పిల్లలు ఒక్కొక్క మాట ముక్కలుగా జవాబిచ్చేవాళ్ళు. అందుకని వాళ్ళకు భాషే లేదని పండితులు తేల్చారు. లబోవ్ బృందం అలాంటి పిల్లవాడి దగ్గరకే చిప్స్ పొట్లం పట్టుకుని వెళ్ళి, వాడి స్నేహితుణ్ణి పిలిచి, నేల మీద చతికిలబడి కబుర్లు మొదలుపెట్టింది. ఆ పిల్లవాడు అడ్డం వచ్చి మరీ మాట్లాడాడు. మారింది పిల్లవాడు కాదు, ఎదుట కూచున్నవాడి తీరు. మేం రెండేళ్ళ టీచర్ ట్రైనింగులో పాఠ్యపథకాలు ఎన్నో రాశాం. కుర్చీ దిగి నేల మీద కూచోవడం ఎవరూ నేర్పలేదు.

మౌనం అర్ధాంగీకారం కాదు

మూడో రకం మౌనం సంగతి ఇంకా మిగిలి ఉంది. రాజ్యాంగం 19(1)(ఎ) కింద వాక్ స్వాతంత్ర్యం ఇచ్చింది. పత్రికలవాళ్ళు, సినిమావాళ్ళు, నాయకులు దాని గురించి చాలా మాట్లాడతారు. మా ఊళ్ళలో వాక్ స్వాతంత్ర్యం అంటే గ్రామసభ. 1996 పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో భూమి తీసుకునే ముందు గ్రామసభనో, పంచాయతీనో సంప్రదించాలి. 2013 భూసేకరణ చట్టం సమ్మతి కావాలని చెప్పింది. అంటే మా మాటకు చట్టంలో ధర ఉంది. ఆ మాట ఏ భాషలో అడుగుతారన్నదే ప్రశ్న.

ఒక గ్రామసభలో మేం కూచున్నాం. వచ్చినాయన ‘ముంపు ప్రభావిత ఆవాసాల నిర్వాసితులకు పునరావాస ప్యాకేజీ’ అంటూ అరగంట చదివాడు. గోదావరి గట్టున కూచున్న ముసలాళ్ళు వింటున్నారు. ముంపు అన్న ఒక్క మాటే వాళ్ళకు తెలిసింది. గోదారి వస్తుంది, పోతుంది అనుకున్నారు. ఏమైనా చెప్పాలా అని అడిగితే ఎవరూ లేవలేదు. సభ అభ్యంతరం లేదని తీర్మానం రాసుకున్నారు. ‘మౌనం అర్ధాంగీకారం’ అని తెలుగులో సామెత. అరగంట మౌనం పూర్తి అంగీకారమైంది. మేం కూడా ఆరోజు లేవలేదు. సర్కారు ఉద్యోగం కదా అని కూచున్నాం. మా మౌనం రెండోరకం కాదు, మూడోరకం.

పోలవరం ముంపులో దేవీపట్నం నుంచి కుక్కునూరు, చింతూరు దాకా మండలాలున్నాయి. ఊళ్ళు ఖాళీ చేసినవాళ్ళు మైదానంలో కట్టిన కాలనీలకు వస్తున్నారు. అక్కడి బడిలో వాళ్ళ పిల్లలు నోరు విప్పితే తోటి పిల్లలు నవ్వుతారు. ఇల్లు పోయింది, అడవి పోయింది, ఏరు దూరమైంది. ఇప్పుడు నోట్లో మాట కూడా పోతోంది. నష్టపరిహారం లెక్కలో చెట్టుకు ధర కట్టారు, పెంకుకు ధర కట్టారు. మాటకు కట్టలేదు. 2011 జనగణనలో కోయ మాతృభాష అని చెప్పుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నాలుగు లక్షల పైచిలుకు. పక్కపక్కన ఉన్న ఊళ్ళు చెదిరి వేరువేరు కాలనీల్లో పడితే ఆ భాషను పిల్లలకు ఎవరు అందిస్తారు?

రాజ్యాంగసభలో 1949లో జైపాల్ సింగ్ ముండా లేచి, ముండారి, గోండి, ఒరావ్ భాషల్ని ఎనిమిదో షెడ్యూలులో చేర్చమని అడిగాడు. చేర్చలేదు. ఇవాళ ఆ షెడ్యూలులో 22 భాషలుంటే, వాటిలో సంతాలీ, బోడో 2003 సవరణతో వచ్చాయి. గోండి కుటుంబానికి చెందిన మా కోయ ఇంకా బయటే ఉంది.

మన తప్పు కూడా రాసుకుందాం

విమర్శ అన్నాక ఒక చూపుడువేలు మనవైపు కూడా ఉండాలి. ఈ పుస్తకంలో రాస్తున్న మనందరం తెలుగులో రాస్తున్నాం, అదీ శిష్ట తెలుగులో. ఈ వ్యాసమే అందుకు సాక్ష్యం. మన కథల్లో అవ్వ ఒక్క వాక్యం కోయలో మాట్లాడి, మిగతాదంతా వార్తలు చదివినట్టు మాట్లాడుతుంది. కోయ ముక్కను ఉప్పు చల్లినట్టు చల్లుతున్నాం. మన ఇళ్ళలో పిల్లలతో కోయ మానేశాం, ఇంగ్లీషు మీడియానికి అడ్డమని. పైవాడు చేసినా, మనం చేసినా పోయేది ఒక్కటే.

తల్లిదండ్రులు తెలుగు కావాలి, ఇంగ్లీషు కావాలి అంటున్నారు. వాళ్ళు అడిగింది న్యాయం. తెలుగు రాకపోతే బస్సు బోర్డు చదవలేం, ఇంగ్లీషు రాకపోతే ఉద్యోగం లేదు. కోయలో మాత్రమే చదవమని మేం అనడం లేదు. కోయ మెట్టు మీద కాలు పెట్టి తెలుగు మెట్టు ఎక్కిన పిల్ల జారదు. కింది మెట్టు విరగ్గొట్టి పైకి దూకమంటే కొందరు దూకుతారు, చాలామంది కింద పడతారు. దూకినవాళ్ళం మేం కాబట్టి పడినవాళ్ళను మరిచిపోయాం.

ఈ ఏడు మేం రిజిస్టర్లో ఆ గడిని గీత గీసి మూడు ముక్కలు చేసుకున్నాం. మొదటి ముక్కలో: చెవి, అంగిలి చూపించామా, ఎక్కడ, ఏ తేదీన. రెండో ముక్కలో: ఇంటి భాష ఏది, ఇంట్లో ఎలా మాట్లాడుతుందని తల్లి చెప్పింది. మూడో ముక్కలో: బడిలో ఎవరితో మాట్లాడుతుంది, ఎవరి ముందు ఊరుకుంటుంది. పై నుంచి ఎవరూ చెప్పలేదు, ఎవరూ కాదనలేదు. ఆసుపత్రికి పంపేటప్పుడు పిల్లతో తల్లినీ, కోయ తెలుగు రెండూ వచ్చిన ఒక మనిషినీ పంపుతున్నాం. కోయలో చెప్పిన జవాబును కూడా ఒప్పు కిందే రాయమని థెరపిస్టుకు చీటీ రాస్తున్నాం. గ్రామసభ అయితే తీర్మానం రాయకముందు దాన్ని కోయలో చదివి వినిపించమని అడుగుతున్నాం. మొదటిసారి అడిగినప్పుడు మా గొంతు వణికింది.

ఆ చెవి పిల్లకు ఇప్పుడు వినికిడి యంత్రం ఉంది. మాటలు కొద్దికొద్దిగా వస్తున్నాయి, కొన్ని కోయ, కొన్ని తెలుగు. మొన్న తరగతిలో లేచి ‘ఏరు’ అంది. కుండలోంచి ముంచి ఇచ్చాం. తాగిన తర్వాత, దీన్ని తెలుగులో నీళ్ళంటారని చెప్పాం.